నాలుగో సైజు షెరిన్ తోలు బంతి: ఏఎఫ్ఎల్‌డబ్ల్యూ మ్యాచ్‌లలో వాడే బంతిపై సమీక్ష

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌ను అక్కడివాళ్ళు ముద్దుగా 'ఫుటీ' అంటారు. ఈ ఆట మీద మనసు పెట్టిన అమ్మాయి సంచిలో బూట్ల తర్వాత గట్టిగా డబ్బు పెట్టదగ్గ వస్తువు ఒక్కటే, సరైన బంతి. మహిళల జాతీయ లీగ్ ఏఎఫ్ఎల్‌డబ్ల్యూ 2017లో మొదలైనప్పటి నుంచి వాడుతున్నది షెరిన్ కంపెనీ నాలుగో సైజు బంతి. పురుషుల లీగ్‌లో వాడే ఐదో సైజు కన్నా ఇది కొంచెం చిన్నది. ముందుగా తీర్పు చెప్పేస్తే, జట్టులో చేరి వారం వారం మ్యాచ్‌లు ఆడే అమ్మాయికి ఈ తోలు బంతి తప్పక కొనదగ్గది. అయితే దీన్ని చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకోవాలి. అంత ఓపిక లేకపోతే డబ్బు దండగ.

'నాలుగో సైజు' అనగానే 'పిల్లల బంతి' అనుకునేవాళ్ళు ఎక్కువ. కొన్ని దుకాణాల్లో అమ్మేవాళ్ళు కూడా అలాగే చెబుతారు. పద్ధెనిమిదేళ్ళ అమ్మాయికి 'పెద్దదే తీసుకోండి, ఎక్కువ కాలం పనికొస్తుంది' అని ఐదో సైజు అంటగడతారు. అది తప్పు సలహా. జూనియర్ ఆటలో ఒక వయసు దాటాక అబ్బాయిలు ఐదో సైజుకు మారతారు, అమ్మాయిలు నాలుగుతోనే కొనసాగుతారు. పెద్ద లీగ్‌కు ఎంపికైనా అదే సైజు. అంటే పన్నెండు పదమూడేళ్ళకు చేతికి అలవాటైన బంతే ఆమె ఆడినంత కాలం ఉంటుంది. ఐదో సైజుతో సాధన చేసి శనివారం మ్యాచ్‌లో నాలుగో సైజు పట్టుకుంటే చేతులు మోసపోతాయి. బంతి వదిలే ఎత్తూ, పాదం తగిలే చోటూ రెండూ కొద్దికొద్దిగా మారిపోతాయి. గురి తప్పడానికి ఆ కొద్ది చాలు.

బంతి తయారీ తెలిస్తే దాని జబ్బులు అర్థమవుతాయి. 1879లో మెల్‌బోర్న్‌లోని కాలింగ్‌వుడ్‌లో థామస్ విలియం షెరిన్ తోలు సామాన్ల దుకాణం పెట్టాడు. అప్పట్లో ఫుటీకి రగ్బీ బంతి వాడేవారు. మొన తేలిన ఆ బంతి నేల మీద పడితే ఎటు ఎగురుతుందో తెలిసేది కాదు. షెరిన్ దాని కొసలను గుండ్రంగా మార్చాడు. నేటికీ అదే రూపం. నాలుగు తోలు ముక్కలను లోపలి వైపు బయటికి ఉండేలా కుడతారు, తర్వాత తిరగేస్తారు, ఒక కుట్టు దగ్గర వదిలిన సందులోంచి రబ్బరు బ్లాడర్ దూర్చి, ఆ సందును లేసుతో బిగిస్తారు. తోలు సాగిపోకుండా లోపల గుడ్డ పొర అంటిస్తారు. మ్యాచ్ బంతి మీద కనిపించే 'కేబీ' అనే రెండక్షరాలకు అర్థం కంగారూ బ్రాండ్. పేరు అదే అయినా తోలు మాత్రం ఆవుది.

నాలుగు ముక్కలు, నాలుగు కుట్లు, ఒక లేసు, ఒక బ్లాడర్, ఒక వాల్వు, ఇంతే సరంజామా. పాడయ్యేవి కూడా ఇవే. కుట్టు పిగిలిపోవడం కన్నా ముందు తోలు సాగడం, లేసు దగ్గర ఉబ్బడం, వాల్వు నుంచి సన్నగా గాలి పోవడం జరుగుతాయి.

మ్యాచ్ బంతుల తయారీ మెల్‌బోర్న్ శివారు స్కోర్స్‌బీలో జరుగుతుంది. చవక రకాల కుట్టుపని మాత్రం బయటి దేశాల్లో చేయించేవారు. మన పంజాబ్‌లోని జలంధర్‌లో ఈ కంపెనీ బంతులు కుడుతున్నవాళ్ళలో చిన్నపిల్లలున్నారని 2012లో ఆస్ట్రేలియా పత్రికలు బయటపెట్టాయి. చిన్నపిల్లలు ఆడే బంతుల్లో సూదులు బయటపడడంతో కంపెనీ వాటిని వెనక్కి పిలిపించుకుంది. కొనేవాళ్ళకు ఈ సంగతి తెలిసి ఉండాలి. ఏ కంపెనీ బంతి అయినా, ఏ రకమైనా, ఎక్కడ తయారైందో చీటీ మీద చూసి కొనడం మంచి అలవాటు. షెరిన్ ఒక్కటే కాదు, రాస్ ఫాక్‌నర్, బర్లీ పేర్లతోనూ మంచి తోలు బంతులు వస్తాయి. స్థానిక లీగ్ వేరే కంపెనీ బంతితో ఆడిస్తుంటే అదే కొనాలి. కొనేముందు క్లబ్‌లో ఒక్క మాట అడిగితే సరిపోతుంది.

దుకాణంలో చూడాల్సినవి

ఒకేలా కనిపించే రెండు బంతుల ధరలో అయిదారు రెట్ల తేడా ఉంటుంది. తోలు మ్యాచ్ బంతి నూటయాభై ఆస్ట్రేలియన్ డాలర్లు దాటుతుంది. సింథటిక్‌వి కొద్ది పదుల డాలర్లకే వస్తాయి. రంగూ అదే, ముద్రా అదే, సైజూ అదే. కాబట్టి 'తోలు' అని రాసి ఉందో లేదో చదవాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తోలు వాసన ఇట్టే తెలుస్తుంది.

ఆపైన బంతిని బల్ల మీద అడ్డంగా పెట్టి బొంగరంలా తిప్పాలి. రెండు కొసలూ ఒకే వరుసలో తిరగాలి. ఒక కొస పెద్ద వలయం, మరో కొస చిన్న వలయం గీస్తుంటే ముక్కలు వంకరగా కుట్టారని అర్థం. అలాంటి బంతి గాలిలో ఊగుతూ వెళ్తుంది, ఎంత బాగా తన్నినా సరే. తర్వాత లేసుకు రెండు వైపులా బొటనవేళ్ళతో నొక్కి చూడాలి. ఒక పక్క మెత్తగా, ఇంకో పక్క గట్టిగా ఉంటే లేసు సమంగా బిగించలేదన్నమాట. వాల్వు మీద ఒక నీటిచుక్క వేసి కొద్దిసేపు గమనించాలి. బుడగ లేస్తే వద్దు.

చివరగా చేతి పరీక్ష. బంతిని నిలువుగా, లేసు ఎదుటివైపు ఉండేలా రెండు చేతుల మధ్య పట్టుకోవాలి. ఎడమ చెయ్యి తీసేసి కుడిచేత్తో ఒక క్షణం అలాగే నిలపగలగాలి. ఎడమకాలితో తన్నేవాళ్ళు చేతులు మార్చి చూసుకోవాలి. నాలుగో సైజు అవసరం ఎందుకొచ్చిందో ఈ ఒక్క పరీక్ష చెబుతుంది.

చేతిలో ఎలా ఉంటుంది, కాలికి ఎలా తగులుతుంది

ఫుటీలో ముఖ్యమైన తన్ను పేరు డ్రాప్ పంట్. బంతిని నిలువుగా కిందికి వదిలి, నేలను తాకకముందే పాదం పైభాగంతో బంతి కింది మూడో వంతు మీద కొట్టాలి. బంతి వెనక్కి పల్టీలు కొడుతూ సూటిగా పోతుంది. ఇందులో కష్టమంతా కాలిది కాదు, చేతిది. కుడికాలితో తన్నేవాళ్ళకు ఎడమ చెయ్యి ముందు తప్పుకుని కుడి చెయ్యి బంతిని పాదం దాకా దారి చూపించాలి. బంతి పెద్దదై చెయ్యి చిన్నదైతే ఒంటి చేత్తో దాన్ని నిలపడం సాధ్యం కాదు. అందుకని తెలియకుండానే రెండు చేతులూ ఒకేసారి వదిలేస్తారు. బంతి గాలిలో పక్కకు వాలుతుంది, పాదం దాని పొట్టకు తగులుతుంది, తన్ను అడ్డదిడ్డంగా పోతుంది. కోచ్ 'కాలు సూటిగా తిప్పు' అని అరుస్తూనే ఉంటాడు. తప్పు మాత్రం నడుము దగ్గరే జరిగిపోయింది. నాలుగో సైజులో ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. వేళ్ళు బంతి చుట్టూ సరిపడా వస్తాయి, ఒక చేత్తో నిలపడం తేలికవుతుంది, వదిలే ఎత్తు తగ్గుతుంది. ఎత్తు తగ్గితే గాలి దాన్ని కదిలించే వ్యవధీ తగ్గుతుంది.

2019 మార్చిలో లీగ్ క్రీడాకారిణి టేలా హారిస్ బంతి తన్నుతుండగా తీసిన ఫోటో దేశమంతా చర్చకు వచ్చింది. ఆ ఏడాదే దాన్ని విగ్రహంగా మలిచి మెల్‌బోర్న్ ఫెడరేషన్ స్క్వేర్‌లో పెట్టారు. ఫోటో కింద వచ్చిన వెకిలి వ్యాఖ్యల గురించి ఎంతో రాశారు, రాయాల్సిందే. తన్ను నేర్చుకునేవాళ్ళు మాత్రం ఆ ఫోటోలో కాలు ఎంత దూరం వెళ్ళిందో చూడాలి. నేల విడిచిన ఒళ్ళు, ఛాతీ ఎత్తు దాటి లేచిన పాదం. బంతి తగిలాక కాలు ఆగిపోకుండా లక్ష్యం వైపు సాగితేనే దూరం వస్తుంది. గాలి ఎక్కువై రాయిలా ఉన్న బంతితో సాధన చేసే అమ్మాయి ఇలా కాలు చాచదు. నొప్పికి భయపడి మధ్యలోనే ఆపేస్తుంది. సరైన గాలి ఎందుకంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది.

హ్యాండ్‌బాల్‌లో తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఫుటీలో బంతిని విసరకూడదు. ఒక అరచేతిలో పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి, బొటనవేలు పిడికిలికి బయట ఉండాలి. నాలుగో సైజు అరచేతిలో చక్కగా కుదురుకుంటుంది కాబట్టి మణికట్టు మీద భారం పడదు. కొస మీద కొడితే పక్కకు దొర్లిపోతుంది. మధ్యగీతకు కొంచెం కిందగా కొడితే వెనక్కి తిరుగుతూ వెళ్తుంది, అందుకునేవాళ్ళకు సుఖం.

బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళు 15 మీటర్లలోపు ఒకసారి నేలకు కొట్టాలి, లేదా నేలకు తాకించాలి. కోడిగుడ్డు ఆకారపు వస్తువును నేలకు కొట్టి మళ్ళీ చేతిలోకి రప్పించడం కొత్తవాళ్ళకు గారడీలా అనిపిస్తుంది. కిటుకు ఇది: కింది కొస ముందుకు, పై కొస తన వైపుకు వాలేలా పట్టుకుని, ఒక చేయి పొడవు దూరంలో ముందుకు నెట్టాలి. ముందు కొస నేలకు తగిలి బంతి వెనక్కి తిరుగుతూ చేతికి వస్తుంది. బంతి నిట్టనిలువుగా ఉంటే కాలికి అడ్డం పడుతుంది, వాలు అటుదిటు అయితే ముందుకు జారిపోతుంది. వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందుకు కొట్టాలి. కొత్త తోలు బంతితో తడి గడ్డి మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు. వంగి నేలకు తాకించడమే క్షేమం.

మార్క్, అంటే కనీసం 15 మీటర్లు వచ్చిన తన్నును నేల తాకకుండా పట్టడం, ఇందులోనూ చిన్న బంతి మేలే. బొటనవేళ్ళు దగ్గరగా, మిగతా వేళ్ళు విప్పి బంతి వెనుక గూడులా పెడితే చేతులు దాన్ని బాగా కమ్ముకుంటాయి. గాలి ఎక్కువైన బంతి ఈ గూడులోంచి కూడా ఎగిరి బయటపడుతుంది.

వేరే ఆటల నుంచి వచ్చినవాళ్ళు

ఈ లీగ్ మొదలయ్యేనాటికి బంతి చేతబట్టినవాళ్ళలో చాలామంది ఇతర ఆటల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళే. ఎరిన్ ఫిలిప్స్ కథే చూడండి. తండ్రి గ్రెగ్ ఫిలిప్స్ పోర్ట్ అడిలైడ్ ఆటగాడు. ఆమె చిన్నప్పుడు అబ్బాయిలతో కలిసి ఫుటీ ఆడింది. పదమూడేళ్ళు వచ్చేసరికి అమ్మాయిలకు ముందు దారి లేక బాస్కెట్‌బాల్‌కు మళ్ళింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది, అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో 2012లో ఇండియానా, 2014లో ఫీనిక్స్ జట్లతో టైటిళ్ళు అందుకుంది. 2017లో ముప్పై ఒకటో ఏట అడిలైడ్ తరఫున ఫుటీకి తిరిగివచ్చి, మొదటి సీజన్‌లోనే లీగ్ ఉత్తమ క్రీడాకారిణి అయింది. 2019లో మళ్ళీ. ఆ ఏడాది అడిలైడ్ ఓవల్‌లో 53,034 మంది చూస్తుండగా జరిగిన ఫైనల్‌లో ఆమె మోకాలిలోని ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. అయినా ఆ మ్యాచ్‌లో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. కోలుకుని వచ్చి 2022లో అడిలైడ్‌తో మూడో టైటిల్ గెలిచింది, అదే ఏడాది లీగ్‌లో కొత్తగా చేరిన పోర్ట్ అడిలైడ్‌కు తొలి కెప్టెన్ అయింది, 2023 సీజన్‌తో ఆట ముగించింది.

ఒక బంతి సమీక్షలో ఇదంతా ఎందుకంటే, బాస్కెట్‌బాల్, నెట్‌బాల్ నుంచి వచ్చే అమ్మాయిలు ఈ రోజుకీ క్లబ్‌లకు వస్తూనే ఉన్నారు. వాళ్ళకు పట్టడం, దూకడం, అవతలివాళ్ళ కదలిక చదవడం వచ్చు. రానిది బంతి వదలడం. వాళ్ళు కొనే మొదటి బంతి నాలుగో సైజు తోలుదే కావాలి, ఎందుకంటే వాళ్ళకు పాత అలవాట్లను మార్చుకునే వ్యవధి తక్కువ. సింథటిక్ బంతితో మొదలుపెట్టి ఆరు నెలల తర్వాత తోలుకు మారితే ఆ ఆరు నెలల్లో కుదిరిన లెక్కను మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుంది.

ఐర్లండ్ గేలిక్ ఫుట్‌బాల్ నుంచి వచ్చినవాళ్ళది మరో సంగతి. కోరా స్టాంటన్ 36 ఏళ్ళ వయసులో 2018లో గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ జట్టులో అడుగుపెట్టింది. 2019లో అడిలైడ్ గెలిచినప్పుడు ఐలిష్ కాన్సిడైన్ ఆ జట్టులో ఉంది. చేతిలోంచి వదిలి తన్నడం గేలిక్ ఆటలోనూ ఉంది, కాబట్టి కాలి ఊపు వాళ్ళకు సహజంగానే వస్తుంది. కానీ అక్కడి బంతి గుండ్రంగా ఉంటుంది. గుండ్రటి బంతి ఎటు తిరిగి పడినా పాదానికి ఒకే తీరుగా తగులుతుంది, కొసలున్న బంతి క్షమించదు. అటునుంచి వచ్చేవాళ్ళు మొదటి నెల తన్నడం మానేసి, బంతిని నిలువుగా వదిలి నేల మీద పడనిచ్చే సాధన చేయాలి. సరిగ్గా వదిలితే అది కింది కొస మీద పడి దాదాపు నిట్టనిలువుగా పైకి లేస్తుంది. పక్కకు గెంతితే వాలిందని అర్థం. రోజుకు యాభైసార్లు, గడ్డి మీద. ఇంతకన్నా నిజాయితీగా తప్పు చూపించే పరీక్ష లేదు.

గాలి ఎంత ఉండాలి

ఆట నియమాల్లో ఐదో సైజు బంతి కొలతలు స్పష్టంగా ఉన్నాయి: పొడవు చుట్టుకొలత 720 నుంచి 730 మిల్లీమీటర్లు, అడ్డం చుట్టుకొలత 545 నుంచి 555, గాలి ఒత్తిడి 62 నుంచి 76 కిలోపాస్కల్, అంటే సుమారు 9 నుంచి 11 పీఎస్ఐ. నాలుగో సైజుకూ ఒత్తిడి ఈ మధ్యలోనే, అందులోనూ కింది సగంలో ఉంచుకుంటే తోలుకూ చేతులకూ మంచిది. బంతి మీద వేరే అంకె ముద్రించి ఉంటే దాన్నే పాటించాలి.

ఈ అంకెను బొటనవేలితో నొక్కి తేల్చలేం. ఒత్తిడి కొలిచే చిన్న గేజ్ కొనాలి. గాలి తక్కువైతే పాదం తోలులోకి దిగబడి తన్నిన బలమంతా బంతి తినేస్తుంది. ఎక్కువైతే బంతి పాదం మీద నిలవకముందే జారిపోతుంది. పైగా ఎక్కువ గాలితో వారాల తరబడి ఉంచిన తోలు సాగి, బంతి పొట్ట పెరిగి పొడవు తగ్గినట్టు కనిపిస్తుంది. అలా గుండ్రమైన బంతిని మళ్ళీ కోలగా మార్చే మార్గం లేదు.

వాతావరణం సంగతి చాలామంది పట్టించుకోరు. 20 డిగ్రీల గదిలో 69 కిలోపాస్కల్ నింపిన బంతిని ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేస్తే, లోపల 50 డిగ్రీలకు చేరినప్పుడు ఒత్తిడి లెక్క ప్రకారం 86 దగ్గరికి పోతుంది. నియమాల హద్దు దాటేసింది. అదే బంతిని 25 డిగ్రీల ఇంట్లో నింపి 5 డిగ్రీల మెల్‌బోర్న్ పొద్దుటి చలిలో మైదానానికి తీసుకెళ్తే 58 కన్నా తక్కువకు పడిపోతుంది. కాబట్టి ఇంట్లో ఎంత నింపామన్నది ముఖ్యం కాదు. మైదానం చేరి పావుగంట బంతిని బయట ఉంచి, అప్పుడు గేజ్ పెట్టాలి.

లీగ్ మొదట్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో జరిగేది. వేసవి ఎండ, గట్టి నేల, పొడి తోలు. 2022 ఆగస్టులో ఏడో సీజన్ మొదలైనప్పటి నుంచి ఆట చలికాలం చివర, వసంతంలోకి మారింది. క్లబ్ సాధనలు ఉద్యోగాలు, చదువులు ముగించుకుని సాయంత్రాలు జరిగేవే కాబట్టి మంచు పట్టిన గడ్డి తప్పదు. ఇప్పుడు ఈ బంతికి ప్రధాన శత్రువు తడి.

గాలి పంపు సూదిని వాల్వులో గుచ్చేముందు తడి చేయాలి. పొడి సూది వాల్వు రబ్బరును చీరుస్తుంది, బంతులు పాడవడానికి అదో కారణం. వంకర సూది వాడకూడదు, సూదిని గుచ్చి తిప్పకూడదు. నెలల తరబడి వాడని రోజుల్లో కొంత గాలి తీసి ఉంచాలి. పూర్తిగా తీస్తే తోలు ముడతలు పడి ఆ గీతల దగ్గర పగులుతుంది.

కొత్త బంతిని మచ్చిక చేసుకోవడం

పెట్టెలోంచి తీసిన రోజు ఈ బంతి జారుతుంది. పైపూత నున్నగా ఉంటుంది. ఆ రోజే మ్యాచ్‌కు తీసుకెళ్ళి 'పట్టు లేదు' అని తిట్టుకునేవాళ్ళు ఉన్నారు. కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో బంతంతా ఒకసారి తుడిచి, ఆరాక రెండు చేతులతో పది నిమిషాలు రుద్దాలి. తర్వాత రెండు మూడు రోజులు దగ్గరి దూరంలో హ్యాండ్‌బాల్, ఆపైన 20 మీటర్ల తన్నులు. వారంలో తోలుకు పట్టు వస్తుంది. గరుకు కాగితంతో రుద్దడం, అంటుకునే పదార్థాలు పూయడం చేస్తే పైపొర పోయి వాన నీరు సులువుగా లోపలికి దిగుతుంది.

సిమెంటు గోడకు కొట్టి సాధన చేయడం ఈ బంతికి మరణశాసనమే. ముందు కొసల దగ్గర రంగు పోతుంది, ఆపైన కుట్టు దారం తెగుతుంది. గోడ సాధనకు చవకైన సింథటిక్ బంతి ఒకటి వేరుగా ఉంచుకోవాలి. తారురోడ్డుకూ ఇదే మాట.

వానలో ఆడాక పనులు వెంటనే మొదలుపెట్టాలి. బురదను తడిగుడ్డతో తుడవాలి, కుళాయి కింద పెట్టకూడదు. నీడలో, గాలి తగిలే చోట ఒకటి రెండు రోజులు ఆరనివ్వాలి. హీటరు ముందు, హెయిర్ డ్రయ్యరుతో, ఎండలో ఆరబెడితే పైన ఎండి లోపల తడి మిగులుతుంది, తోలు బిరుసెక్కుతుంది. తడిసిన బంతిని సంచిలో మూటగట్టి మరుసటి సాధన దాకా మరిచిపోతే లోపలి గుడ్డ పొర బూజు పడుతుంది, వాసన వస్తుంది, బరువూ సమంగా ఉండదు. పూర్తిగా ఆరాక తోలుకు వాడే క్రీము చాలా కొద్దిగా, నెలకోసారి చాలు. ఎక్కువ పూస్తే మళ్ళీ జారుడే.

లేసు పోగులు లేస్తే లాగకూడదు. బ్లాడర్ పోయినా బంతి పారేయాల్సిన పని లేదు. లేసు విప్పి కొత్తది వేసి మళ్ళీ బిగించేవాళ్ళు దొరుకుతారు. సింథటిక్ బంతికి ఈ అవకాశం దాదాపు ఉండదు. ధరల తేడా లెక్కవేసేటప్పుడు ఇది కూడా కలుపుకోవాలి.

నచ్చనివి

ధర మొదటి ఫిర్యాదు, అది న్యాయమైనదే. 2017 తొలి సీజన్‌లో మామూలు క్రీడాకారిణికి ఇచ్చింది 8,500 డాలర్లు, పెద్ద పేరున్నవాళ్ళకు 27,000. మెల్‌బోర్న్ కెప్టెన్ డెయిజీ పియర్స్ అంతటి ఆటగత్తె మంత్రసాని ఉద్యోగం చేస్తూ ఆడింది. ఏడో సీజన్ నాటికి కింది మెట్టు 39,184కు, పై మెట్టు 71,935కు చేరింది. 2023 ఒప్పందం ప్రకారం సగటు 2027కల్లా 82,000 అవుతుంది. లీగ్‌లో ఉన్నవాళ్ళకు బంతులు క్లబ్ ఇస్తుంది. బయట, ఎంపిక కోసం ఎదురుచూస్తున్న అమ్మాయే సొంత డబ్బు పెట్టుకోవాలి. ఆమెకు ఈ ధర బరువే. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక తోలు బంతి కొని మ్యాచ్ ముందు రోజుల్లో దాన్ని, మిగతా రోజుల్లో సింథటిక్‌ను వాడుకోవడం తెలివైన పని.

రెండో లోపం, ఒక్కో బంతికీ ఒక్కో తీరు. చేత్తో చేసే పని, సహజమైన తోలు కాబట్టి ఒకటి కాస్త మెత్తగా, ఇంకోటి కాస్త బిరుసుగా వస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటే పైన చెప్పిన బల్ల పరీక్ష చేసే వీలుండదు. వెనక్కి తీసుకునే షరతులు చదివే కొనాలి, గాలి నింపకముందే కుట్లు చూసుకోవాలి.

పెట్టెలో పంపూ సూదీ ఉంటాయనుకోవద్దు. వాటి ఖర్చు అదనం.

ఒక విమర్శ మాత్రం ఈ బంతికి అన్యాయంగా అంటగట్టారు. ఏఎఫ్ఎల్‌డబ్ల్యూలో స్కోర్లు తక్కువ, చిన్న బంతి దూరం పోదు కాబట్టి పెద్దది ఇవ్వాలి అని. 2022 నవంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరిగిన ఫైనల్‌లో మెల్‌బోర్న్ 19, బ్రిస్బేన్ 15. గోల్‌కు ఆరు పాయింట్లు వచ్చే ఆటలో ఇది తక్కువ స్కోరే. కానీ ఆ తగ్గుదలకు మూలం బంతి చుట్టూ మూగే రక్షణ వ్యూహాలు, ఎడతెగని ఒత్తిడి, గోల్ పక్కనుంచి పోయిన తన్నులు. ఆ రోజు మెల్‌బోర్న్ రెండు గోల్స్ వేసి ఏడు బిహైండ్లు (గోల్ పక్కనుంచి పోతే వచ్చే ఒక్కో పాయింటు) కొట్టింది, అంటే బంతి గోల్ దాకా చేరుతూనే ఉంది. 2017 ఫిబ్రవరి 3న ఇదే సైజు బంతితో ఐకాన్ పార్క్‌లో జరిగిన తొలి మ్యాచ్‌లో కార్ల్‌టన్ 46 పాయింట్లు చేసింది, డార్సీ వెషియో ఒక్కరే నాలుగు గోల్స్ కొట్టారు. లీగ్ చరిత్రలో మొట్టమొదటి గోల్ ఆ రోజు కాలింగ్‌వుడ్ తరఫున జాస్మిన్ గార్నర్ వేసింది. ఏడేళ్ళ తర్వాత, 2024 నవంబరులో, అదే ఐకాన్ పార్క్ మైదానంలో నార్త్ మెల్‌బోర్న్‌తో టైటిల్ గెలిచింది. వ్యూహాలు, సీజన్, జీతం అన్నీ మారాయి. బంతి సైజు మారలేదు, మార్చాల్సిన అవసరమూ కనిపించలేదు.

ఎవరు కొనాలి, ఎవరు వద్దు

ఎరుపా, పసుపా అన్నది సాధన వేళను బట్టి ఎంచుకోవాలి. పగటి ఆటకు ఎరుపు, దీపాల వెలుగులో పసుపు. సాయంత్రం సాధనే ఎక్కువైతే పసుపుదే నయం, మాపు త్వరగా కనిపిస్తుందన్న ఒక్క ఇబ్బంది తప్ప. పదేళ్ళలోపు పిల్లలకు నాలుగో సైజు కూడా పెద్దదే, వాళ్ళ వయసు విభాగానికి చెప్పిన చిన్న సింథటిక్ బంతి ఇవ్వాలి. ఏడాదికి నాలుగుసార్లు పార్కులో సరదాగా ఆడేవాళ్ళకు ఈ తోలు బంతి అక్కర్లేదు. క్లబ్‌లో పేరు నమోదు చేసుకుని వారానికి రెండు మూడు రోజులు గడ్డి మీద ఆడే అమ్మాయికి మాత్రం ఇది ఒక సీజన్ పూర్తిగా మ్యాచ్‌కు తగ్గ ఆకారంలో నిలుస్తుంది, శ్రద్ధగా చూసుకుంటే తర్వాతి సీజన్‌లో సాధన బంతిగా పనికొస్తుంది. పొట్ట పెరిగిందని కంటికి కనిపించిన రోజున దాన్ని గోల్ తన్నుల సాధన నుంచి తప్పించి, హ్యాండ్‌బాల్‌కు మాత్రమే వాడాలి.